అంబాసిడర్‌కి రంగు వేయించే ముందు

అల్లుడూ,

నాన్నగారి 1972 అంబాసిడర్‌కి రంగు వేయించబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ షెడ్డువాడితో మాట్లాడే ముందు ఇది చదువు.

పదిహేనేళ్ల క్రితం నేనూ ఇదే కారుకి వేయించాను. తక్కువలో చేస్తానంటే మురిసిపోయి ఇచ్చేశాను. తెచ్చినరోజు అద్దంలా ఉంది. మొదటి వానాకాలానికే డోర్ల అడుగున అప్పడం మీద లేచినట్టు పొంగులు! గోటితో గీకితే రంగు పెచ్చులా ఊడింది. దాని కింద గుంటలు పూడ్చే పుట్టీ వేలు మందాన, పుట్టీ కింద పాత తుప్పు అలాగే ఉంది.

అందుకే చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ అంతా తిప్పి చూడు. అంటుకోని చోటల్లా పుట్టీయే. డోర్ అంచులు, డిక్కీ అడుగు, బ్యాటరీ కింద తప్పకుండా చూడాలి. డోర్ అడుగున నీరు పోయే సన్నటి కన్నాలుంటాయి, మట్టితో పూడిపోతే లోపల్నుంచే తుప్పు తినేస్తుంది. చిల్లులు పడ్డచోట రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించు. డబ్బు పెట్టాల్సింది అక్కడే. శుభ్రం చేసిన రేకు మీద తుప్పు పట్టనివ్వని ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పుట్టీ పల్చగా. పుట్టీని నీళ్లు పోసి రుద్దనివ్వకు, అది తడి పీల్చుకుంటుంది. నీళ్ల కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) పని, పైన సర్ఫేసర్ అనే నునుపు చేసే పూత వేశాకే.

ఇక మిగుల్చుకునేది కూలీలో. లైట్లు, హ్యాండిళ్లు, బీడింగులు నువ్వే విప్పు, రెండు ఆదివారాల పని. ప్రతి దాన్నీ ఫోటో తీసి, నట్లు విడివిడి డబ్బాల్లో వెయ్యి. విప్పకుండా టేపు అంటించి కొట్టిన రంగు రబ్బరు అంచు దగ్గరే ముందు లేస్తుంది.

మెరుపు పొడి కలిసిన మెటాలిక్ రంగు జోలికి పోకు. గీత పడితే అతుకు వేయడం కష్టం, పైన క్లియర్ కోటు (రంగులేని మెరుపు పూత) ఖర్చొకటి. మామూలు రంగు పీయూ (పాలీయురేథేన్) పెయింటులో చాలు. డోర్ ప్యాడ్ విప్పితే ఎండ తగలని పాత రంగు కనిపిస్తుంది, దాన్నే కలిపించు. వేరే రంగైతే ఆర్‌సీలో కూడా మార్పించాలి, ఆ ఆర్టీఓ తిరుగుడు నీకెందుకు? వానల్లో మాత్రం వద్దు, సంక్రాంతి అయ్యాక పెట్టుకో.

మిగిలిన రంగులో అర లీటరు హార్డెనర్ (గట్టిపడేందుకు కలిపే ద్రవం) కలపకుండా మూత బిగించి దాచు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ స్తంభాలు నేను చూశాను.

మీ మామయ్య