మీటర్ తిప్పిన కారు: మీ డబ్బు ఎవరి చేతికి వెళ్లింది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. 2024 జూన్ 12న కరీంనగర్‌లోని ఒక కార్ల కన్సల్టెన్సీలో 2017 మోడల్ డీజిల్ కారును 4,60,000 రూపాయలకు కొన్నాను. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి దాచుకున్న సొమ్ములోంచి 3,00,000 నగదుగా ఇచ్చాను. ఫోన్‌పేలో 1,00,000 కన్సల్టెన్సీ ఖాతాకు, మరునాడు 60,000 యజమాని కొడుకు నంబరుకు పంపాను. అప్పుడు మీటర్ 54,000 కిలోమీటర్లు చూపింది. బిల్లు అడిగితే 18 శాతం జీఎస్టీ కింద 82,800 అదనంగా కట్టాలన్నారు కాబట్టి వద్దనుకున్నాను. డెలివరీ లెటర్ ఇచ్చారు. పేరు మార్పిడి తామే చేయిస్తామన్నారు కానీ ఇప్పటికీ ఆర్‌సీ హైదరాబాద్‌లోని మొదటి ఓనర్ పేరునే ఉంది. ఈ జనవరిలో మేడారం జాతరకు నాలుగు ట్రిప్పులు కిరాయికి తిప్పాక ఇంజిన్ మొరాయించింది. ఫిబ్రవరిలో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, 2022 ఆగస్టులోనే ఈ కారు 1,18,000 కిలోమీటర్లు తిరిగిందని కంప్యూటర్‌లో చూపించారు. కన్సల్టెన్సీవాళ్లను అడిగితే తాము మధ్యవర్తులం మాత్రమేనని, ఉన్నది ఉన్నట్టుగా కొన్నానని అంటున్నారు. ఆ దిగులుతో మా నాన్న మంచం పట్టారు. కోర్టుల చుట్టూ తిరగడం దండగ, ఇదే మీటర్‌తో ఇంకొకరికి అమ్మేయమని మెకానిక్ చెబుతున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా? వచ్చే వారం మా బామ్మర్ది కూడా పాత కారు కొనబోతున్నాడు. అతను ఏం చూసుకోవాలి?

జవాబు: ఇక్కడ కుదించి ఇచ్చిన మీ ఉత్తరంలో నాన్నగారి ఆరోగ్యం గురించి రెండు పేజీలు, కాగితాల గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. వినియోగదారుల కమిషన్ (వినియోగదారుల కోర్టు) ముందు పనికొచ్చేవి ఆ నాలుగు వాక్యాలే. మీటర్ వెనక్కి తిప్పారా లేదా అన్నదే ఈ కేసు అని మీరు అనుకుంటున్నారు, కానీ సర్వీస్ సెంటర్ రికార్డు ఉన్నప్పుడు ఆ విషయం రుజువు కావడం పెద్ద కష్టం కాదు. మీ కేసు గెలుపోటములను తేల్చే ప్రశ్న వేరే ఉంది. ఆ కారును మీకు అమ్మింది ఎవరు?

ఎదుటివారు ఇప్పటికే ఆ దారి పట్టారు. ఆర్‌సీ మొదటి ఓనర్ పేరున ఉంది, పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు ఆయనవే, మీ దగ్గర బిల్లు లేదు. కనుక అమ్మింది ఆయన, కొన్నది మీరు, నడుమ మేం పరిచయం చేశాం అంతే, అని వాళ్లు కమిషన్ ముందు చెబుతారు. మన ప్రాంతంలో పాత కార్లు అమ్మే ప్రతి దుకాణం బోర్డు మీదా కన్సల్టెన్సీ అన్న మాట ఎందుకుంటుందో ఇలాంటప్పుడే అర్థమవుతుంది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగిన అమ్మకం సాధారణంగా వినియోగదారుల చట్టం కిందికి రాదు. వ్యాపారి అమ్మితే వస్తుంది. ఒకవేళ మధ్యవర్తే అనుకున్నా, బ్రోకరేజీ పుచ్చుకుని చేసింది సేవే కనుక తప్పుడు వివరాలు చెప్పి అంటగట్టడం సేవాలోపం అవుతుంది. ఫిర్యాదులో ఈ రెండు వాదనలూ పక్కపక్కనే ఉండాలి. మొదటి ఓనర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాలి, ఎందుకంటే తాను కారును ఎంతకు, ఎవరికి, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఇచ్చాడో చెప్పగలిగేది ఆయన ఒక్కడే.

ఇక బిల్లు వద్దనుకున్న సంగతి. ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. పాత కార్ల వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తన పన్నులోంచి మినహాయించుకోవడం) తీసుకోకపోతే, తాను కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మీద మాత్రమే జీఎస్టీ కడతాడు, మొత్తం ధర మీద కాదు. మీరు కొన్ననాడు కారు రకాన్ని బట్టి ఆ రేటు 12 లేదా 18 శాతం ఉండేది, 2025 జనవరి 25 నుంచి అన్నిటికీ 18 శాతం అయింది. కన్సల్టెన్సీ యజమాని మీ కారు మీద 40,000 మిగుల్చుకున్నాడనుకుంటే, 18 శాతం లెక్కన కూడా పన్ను 7,200 రూపాయలే. ఎవరూ కట్టనక్కర్లేని 82,800 ఆదా అయిందనుకుని, ఆయనే అమ్మకందారు అని నిరూపించే ఏకైక సూటి కాగితాన్ని మీ చేతులతో మీరే వదులుకున్నారు.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. కన్సల్టెన్సీ ఖాతాకు వెళ్లిన లక్ష రూపాయలే మీ కేసుకు వెన్నెముక, ఎందుకంటే అమ్మకం ధరలో అంత భాగం మధ్యవర్తి ఖాతాకు ఎందుకు వెళ్లిందో వాళ్లు చెప్పుకోవలసి వస్తుంది. ఫోన్‌పే తెరను ఫొటో తీస్తే చాలదు, బ్యాంకుకు వెళ్లి ఆ రెండు తేదీల స్టేట్‌మెంట్‌ను ముద్ర వేయించి తీసుకోండి. కొడుకు నంబరుకు పంపిన 60,000 గురించి వేరే బాకీ అని బొంకే అవకాశం ఉంది, కనుక ఆ నంబరు పంపుతూ వాళ్లు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఉంటే అది బంగారం. కారు ఫొటోల కింద 54 వేలే తిరిగింది, సింగిల్ ఓనర్ అని రాసి పంపిన మెసేజ్‌లు ఉంటే వాటినీ భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద వాటికి ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి, కేసు తేలేవరకు ఆ ఫోన్‌ను అమ్మవద్దు, మార్చవద్దు. డెలివరీ లెటర్ ఉందన్నారు గానీ అది ఎవరి లెటర్‌హెడ్ మీద ఉందో, దానిలో కిలోమీటర్లు రాశారో లేదో చెప్పలేదు. నాకు మీరు రాయవలసిన మొదటి సంగతి అదే.

3,00,000 నగదు మాత్రం కన్సల్టెన్సీ యజమాని ఒప్పుకోడు. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు, అలాంటప్పుడు ఎవరైనా ఒప్పుకుంటారా? మార్కెట్‌లో మీకు ఇచ్చిన తక్‌పట్టీలు (పత్తి అమ్మిన చీటీలు), బ్యాంకులోంచి నగదు తీసిన ఎంట్రీ ఉంటే ఆ డబ్బు మీ దగ్గర ఉండేదని తెలుస్తుంది. ఇచ్చారని మాత్రం వాటితో తెలియదు, అందుకు ఆ రోజు మీ వెంట వచ్చినవారి అఫిడవిట్ కావాలి.

వాళ్ల మీద వాడగలిగిన ఒక నిబంధన చాలామంది న్యాయవాదులే మరిచిపోతుంటారు. కేంద్ర మోటారు వాహన నియమాలకు 2022 డిసెంబరులో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం రిజిస్టర్ అయిన పాత వాహనాలను అమ్మే డీలర్ రవాణా అధికారి నుంచి అధికార పత్రం తీసుకోవాలి, వాహనం తన చేతికి వచ్చినట్టు తెలియజేయాలి, అది తన దగ్గర ఉన్నన్నాళ్లు ఏ పని మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో నమోదు చేయాలి. మీ కొనుగోలు ఆ తర్వాతే జరిగింది. ఆ రిజిస్టర్‌ను ప్రవేశపెట్టమని కమిషన్‌ను కోరండి. ప్రవేశపెడితే వాళ్లు డీలరే అని రుజువవుతుంది, లేదంటే నియమాన్ని ఉల్లంఘించినట్టు తేలుతుంది.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు కారణమైన సంఘటన) పుట్టిన రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. మోసం బయటపడింది ఈ ఫిబ్రవరిలో కాబట్టి అక్కడినుంచి లెక్కించాలన్న వాదన ఉంది, అది బలహీనమైనదేమీ కాదు. కానీ చేతిలో సమయం ఉండగా వాదన మీద ఆధారపడడం తెలివితక్కువ పని. కొన్న తేదీ నుంచి లెక్కేస్తే 2026 జూన్ 12తో రెండేళ్లు నిండుతాయి. ఈ జవాబు రాస్తున్న ఏప్రిల్ మొదటి వారానికి మీకు రెండు నెలల పైచిలుకు మిగిలింది. వాళ్లు చూద్దాం, మాట్లాడదాం అంటూ గడిపే రోజులు గడువులోంచి తరిగిపోతూనే ఉంటాయి. లాయర్ నోటీసు పంపినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, పోలీసులకు దరఖాస్తు ఇచ్చినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. పెద్దమనుషుల్లో పంచాయితీ నడిచిందన్నది నేను చూసినంతలో పెద్దగా నిలబడే కారణం కాదు.

సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్‌లో చూపించారు అని రాశారు. చూపించినది సాక్ష్యం కాదు. ఛాసిస్ నంబరుతో మొత్తం సర్వీసు చరిత్రను ప్రింట్ తీయించి, సంతకమూ ముద్రా వేయమనండి. పాత ఓనర్ వివరాలున్నాయి కనుక ఇవ్వబోమంటే, రాతపూర్వకంగా అడిగిన కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఆ రికార్డును తెప్పించే అధికారం సివిల్ కోర్టుకు ఉన్నట్టే కమిషన్‌కూ ఉంది.

మీ మెకానిక్ సలహా విషయంలో గట్టిగా చెబుతున్నాను, వినండి. ఇప్పటిదాకా మీరు మోసపోయినవారు. మీటర్ తప్పని తెలిసీ అదే మీటర్ చూపించి ఇంకొకరికి అమ్మిన మరుక్షణం మోసం చేసినవారవుతారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద అది ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. మీకు ముందే తెలుసునని నిరూపించడానికి మీ పేరున ఫిబ్రవరిలో తయారైన సర్వీస్ సెంటర్ బిల్లే సాక్షి. పైగా కారు చేయి మారితే పరీక్షించడానికి వస్తువే ఉండదు, మీ కేసు కూడా దానితోపాటే పోతుంది.

పేరు మార్పిడి విషయంలో చేసిన అజాగ్రత్త అంతకన్నా ప్రమాదకరం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాలి. మీరు రెండేళ్లు కావస్తున్నా కదల్లేదు. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే హైదరాబాద్‌లోని ఆ పెద్దమనిషి మీ డ్రైవింగ్‌కు పూచీ పడి ఉన్నాడు. మీ పరిస్థితీ బాగాలేదు, కారు దెబ్బతింటే సొంత నష్టానికి వేసిన క్లెయిమ్‌ను పాలసీ మీ పేరున లేదని బీమా కంపెనీ తిరస్కరించగలదు. ఫారాలు చేతిలో ఉండగానే మార్పిడి పూర్తిచేయండి. ఆయనకు జరగరానిది జరిగితే వారసుల వెంట తిరగవలసి వస్తుంది.

మేడారం ట్రిప్పుల సంగతి మీరు మామూలుగా రాసేశారు. సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన కారును కిరాయికి తిప్పడం పర్మిట్ నిబంధనల ఉల్లంఘన. కారు కొన్నదే వ్యాపారానికి కాబట్టి మీరు వినియోగదారు కాదని ఎదుటి లాయర్ దీన్ని పట్టుకుని వాదిస్తాడు. కొన్నప్పటి ప్రధాన ఉద్దేశం కుటుంబ అవసరమే అయితే నాలుగు ట్రిప్పులతో ఆ హక్కు పోదు. అడిగితే అబద్ధం చెప్పవద్దు, ఇక మీదట కిరాయికి తిప్పవద్దు.

ఉన్నది ఉన్నట్టుగా అన్న మాటకు భయపడనక్కర్లేదు. అది కంటికి కనిపించే అరుగుదలకు వర్తిస్తుందే తప్ప, అబద్ధం చెప్పి అమ్మే హక్కు ఇవ్వదు.

ముందుగా కన్సల్టెన్సీకీ మొదటి ఓనర్‌కూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మే నెల దాటకుండా ఫిర్యాదు వేయండి. కరీంనగర్ వెళ్లవలసిన పని లేదు, ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేసే వీలును 2019 చట్టం కల్పించింది. చెల్లించిన ధర 5 లక్షల లోపే కనుక రుసుము లేదు, వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలోనూ దాఖలు చేయవచ్చు. ఎదుటివారు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండేళ్లు వాడిన కారుకు మొత్తం ధర తిరిగి ఇప్పించడం అరుదు. అందుచేత కారు వాపసు, డబ్బు వాపసు అని ఒకటి కోరుతూనే, ప్రత్యామ్నాయంగా 54 వేలు తిరిగిన కారుకూ అసలు తిరిగినన్ని కిలోమీటర్ల కారుకూ మార్కెట్ ధరలో ఉన్న తేడా, ఇంజిన్ మరమ్మతు ఖర్చు, కేసు ఖర్చులు కోరండి. ధరలో తేడాకు ఏదైనా వాల్యుయర్ రాసిచ్చిన అంచనా జతచేయండి.

మీ బామ్మర్ది బయానా ఇవ్వకముందే కారును ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి సర్వీసు చరిత్ర చూడాలి. తీసుకెళ్లడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపాలి. పాత బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడాలి, ఏడెనిమిదేళ్ల కారుకు అది సున్నా ఉంటే ఈ మధ్యే క్లెయిమ్ తీసుకున్నారేమో, కారుకు దెబ్బ తగిలిందేమో అడగాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 30 వేలే తిరిగిందని చెప్పే కారుకు నాలుగు టైర్లూ కొత్తవైతే, పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఆ మీటర్‌ను నమ్మకూడదు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరిందని అది ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి దాని పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. పెండింగ్ చలాన్లు ముందే చూసుకుని ధరలోంచి తగ్గించుకోవాలి. డబ్బంతా ఒకే ఖాతాకు, అదీ బిల్లు మీద పేరున్న ఖాతాకే పోవాలి. పేరు మార్పిడి అయ్యేదాకా 20,000 పట్టి ఉంచుకుంటానని ముందే రాసుకోవాలి. డెలివరీ లెటర్‌లో, మీటర్ చూపుతున్న కిలోమీటర్లు వాస్తవమైనవని అమ్మేవాడి చేత ఒక వాక్యం రాయించి సంతకం పెట్టించుకోవాలి. ఆ వాక్యం రాయడానికి జంకేవాడి దగ్గర కారు కొనవద్దని మీ బామ్మర్దికి చెప్పండి.