వానలు తగ్గలేదు, నీళ్లెందుకు దిగిపోతున్నాయి?

ప్రశ్న: మాకు ఆచంట దగ్గర వరి పొలం, చింతలపూడి వైపు మెట్టలో ఆయిల్ పామ్ తోట ఉన్నాయి. వరిచేలో పదిహేను అడుగులకే నీళ్లు. మెట్టలో ఏటా గొట్టాలు కలిపి మోటారు దించుతూనే ఉన్నాం. వానలు రెండుచోట్లా దాదాపు ఒకటే. తేడా ఎక్కడుందండీ?
– ఒక రైతు, ఆచంట

జవాబు: వాన కాక ఇంకే నీరు ఇంకుతోందో చూడండి, తేడా అక్కడే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచీ కాలువల్లో ఊరేది, చేలో నిలిచి కిందికి దిగేది కలిసి డెల్టా భూమిని ఏటా నింపుతున్నాయి. మీ మెట్ట తోటకి వాన తప్ప దిక్కు లేదు.

ఎకరానికి లెక్క కట్టండి. ఏడాదికి 1,000 మి.మీ. వాన అంటే సుమారు 40 లక్షల లీటర్లు. ఇసుకరాతి నేలలో ఇంకేది అందులో 12 శాతమనుకుంటే, 5 లక్షల లీటర్లకి మించదు. ఇక వాడకం: 57 చెట్లు, చెట్టుకి రోజుకి 200 లీటర్లు, వాన లేని 150 రోజులు. మొత్తం 17 లక్షలు! పెట్టిన తడిలో కొంత మళ్లీ ఇంకినా ఆ లోటు పూడదు. చుట్టూ బీడు ఉన్నన్నాళ్లూ దాని కింద ఇంకిన నీరు మీ బోరుకి వచ్చేది. ఆ భూముల్లోనూ తోటలు లేచి బోర్లు పడితే ఆ ఆసరా పోతుంది. ఏళ్ల తరబడి మట్టం దిగడానికి అసలు కారణం ఇదే.

అయితే దిగింది నీరా, చెడింది బోరా అన్నది ముందు తేల్చుకోండి. మీ మోటారూ పక్కవాళ్ల మోటారూ ఆపిన 12 గంటల తర్వాత, టేపు చివర బరువు కట్టి దించి కొలవండి. మే చివర ఒకసారి, నవంబరులో ఒకసారి, ఏటా అవే తేదీల్లో. వానలయ్యాక తీసిన నవంబరు కొలత కూడా ఏటా కిందికే పోతుంటే, నేలలోకి దిగే నీటి కన్నా తోడే నీరు ఎక్కువని అర్థం. మట్టం అలాగే ఉండి డెలివరీ మాత్రమే తగ్గితే కేసింగ్ (బోరులో దించిన గొట్టం) చిల్లులు పూడి ఉంటాయి, లేదా పంపు అరిగి ఉంటుంది. అప్పుడు కంప్రెసర్ గాలితో బోరు కడిగించాలి (ఫ్లషింగ్), లేదా పంపు బాగుచేయించాలి గానీ గొట్టాలు దించడం దండగ.

ప్రశ్న: మా ఫిల్టర్ పాయింటులో (తక్కువ లోతు గొట్టపు బావి) మట్టం మారలేదు, నీళ్లు మాత్రం ఉప్పెక్కాయి. ఇంకా లోతుకి వేయించమంటారా?
– ఒక రైతు, అల్లవరం

జవాబు: వద్దండి, లోతుకి పోతే మరింత ఉప్పే తగులుతుంది. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు ఉంటే కింద సుమారు 40 అడుగులు ఉన్నట్టు. పైన ఆ అడుగు కరిగితే కింద ఉప్పు అంత మేరా లేస్తుంది. ఒకేచోట పెద్ద మోటారుతో లాగితే సరిగ్గా ఫిల్టరు కిందికే ఎగబాకుతుంది. చిన్న మోటారుతో, దూరదూరంగా రెండు మూడు పాయింట్లు పైపైనే వేయించి, ఆపి ఆపి తోడండి. కాలువలు కట్టేసే వేసవిలో నెలనెలా నీటి ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) పరీక్ష చేయించి, పెరుగుతుంటే మోటారు గంటలు తగ్గించండి. పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువుంటే గట్టు వెంట ఊట కాలువ తవ్వి డ్రెయిన్‌లో కలపాలి. అది లేకుండా పాయింటు ఎక్కడికి మార్చినా ఫలితం ఉండదు.