హైదరాబాద్‌లో ముగ్గురు, డల్లాస్‌లో ఇద్దరు: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్‌లో ఆడటానికి ఏ సాధనాలు సరిపోతాయి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కలిసి కథ నడిపే ఆట. దూరంగా ఉన్నవారు ఒకే మ్యాపు చూస్తూ దాన్ని ఆడటానికి పనికొచ్చే రోల్20, ఫౌండ్రీ, ఔల్‌బేర్ రోడియోలలో దేనితో మొదలుపెట్టాలి, ఏది కొనాలి అని అడిగారు. నాలుగేళ్లుగా విజయవాడ నుంచి దాదాపు ఇలాంటి బృందానికే డంజన్ మాస్టర్‌గా (కథ చెబుతూ ఆట నడిపించేవాడిగా) ఉన్న అనుభవంతో చెబుతున్నాను: మొదటి మూడు నాలుగు సెషన్లకు ఏదీ కొనకండి.

నియమాల కోసం పుస్తకాలు కొననక్కరలేదు. ఐదవ ఎడిషన్ మూల నియమాల సంకలనమైన ఎస్‌ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో ఎవరైనా ఉచితంగా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. ప్రచురణ సంస్థ తలపెట్టిన లైసెన్సుల మార్పుపై ఆటగాళ్లలో పెద్ద దుమారం రేగాక వచ్చిన ఫలితమది. అందులోని పాత్రల తరగతులు (యోధుడు, మాంత్రికుడు వంటి రకాలు), మంత్రాలు, రాక్షసులు కొత్త బృందానికి చాలా కాలం వరకు సరిపోతాయి.

మాటలకు డిస్కార్డ్ అనే వాయిస్ చాట్ యాప్, మ్యాపుకు ఔల్‌బేర్ రోడియో పెట్టుకోండి. ఔల్‌బేర్‌లో మీరొక గది తెరిచి లింకు పంపితే మిగతావారు ఖాతా లేకుండానే బ్రౌజర్‌లో చేరిపోతారు. మ్యాపు బొమ్మ వేసి, గడులు సరిచేసి, ఆటగాళ్లు ఇంకా చూడని గదులను పొగమంచుతో కప్పడానికి నాకు పది నిమిషాలకు మించి పట్టదు. మ్యాపులను గీయడం రాకపోతే వటబూ తయారుచేసిన ఒన్ పేజ్ డంజన్ జనరేటర్ ఒక్క నొక్కుతో నేలమాళిగను గీసి ఇస్తుంది. 2012 నుంచి ఉన్న రోల్20 కూడా బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పాత్ర పత్రం (మీ పాత్ర బలాలు, నైపుణ్యాల పట్టిక) మీద నొక్కితే పాచిక పడి, కలపవలసిన అంకెలన్నీ అదే కలిపి చూపించడం కొత్తవారికి మేలు. అయితే మొదటి రోజే దాని మెనూలన్నీ వివరించబోయి నేను గంటన్నర పోగొట్టుకున్నాను.

ఫౌండ్రీ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే చివరికి చాలామంది అక్కడికే చేరతారు. 2020లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కు నెలవారీ చందా లేదు. ఒక్కసారి 50 డాలర్లు కడితే చాలు, అదీ ఆట నడిపించేవారు మాత్రమే. గోడలు, దీపాలు ఒకసారి అమర్చితే ఏ పాత్రకు ఎంతవరకు కనిపించాలో అదే లెక్కగడుతుంది. కానీ అది మీ కంప్యూటర్‌లోనే సర్వర్‌గా నడుస్తుంది కాబట్టి, రౌటర్‌లో 30000 పోర్టు (బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే ద్వారం) తెరిస్తే బయటివారు రాగలగాలి. నాకు అలా జరగలేదు. రెండు రాత్రులు రౌటర్‌తో కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే, నా ఇంటర్నెట్ సంస్థ అనేక ఇళ్లను ఒకే పబ్లిక్ చిరునామా వెనుక ఉంచింది. దీన్ని సీజీనాట్ అంటారు. మీ రౌటర్ పేజీలో కనిపించే వాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామా 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే మీదీ అదే పరిస్థితి, పోర్టు తెరిచి లాభం లేదు. అప్పుడు అదనపు రుసుముతో స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని చిరునామా) అడగవచ్చు, బయటి సర్వర్ గుండా దారి కల్పించే టనెల్ వాడవచ్చు, లేదా ఫౌండ్రీని అద్దెకు నడిపే హోస్టింగ్ సేవ తీసుకోవచ్చు. నేను మూడోది ఎంచుకున్నాను, ఆ రెండు రాత్రులు తిరిగి రావు కదా. కొనేముందే ఈ పరీక్ష చేసుకోండి.

ఫౌండ్రీని మీ ఇంటి నుంచే నడిపితే మ్యాపులన్నీ మీ అప్‌లోడ్ వేగం మీదుగానే అందరికీ చేరతాయి. ఒకసారి నేను 40 ఎంబీల పీఎన్‌జీ మ్యాపు పెడితే, డ్రాగన్ గుహలోకి అడుగుపెట్టే ఘట్టంలో అమెరికా మిత్రుడికి చాలాసేపు నల్లటి తెరే కనిపించింది. అతను అది గుహలోని చీకటే అనుకుని కాగడా వెలిగిస్తున్నానన్నాడు. అప్పటినుంచి ప్రతి బొమ్మనూ తక్కువ సైజు పట్టే వెబ్‌పీ ఫార్మాట్‌కు మార్చి చిన్నది చేశాకే ఎక్కిస్తున్నాను.

వీటన్నిటికంటే మా ఆటను ఎక్కువ సార్లు చెడగొట్టింది గడియారం. చలికాలంలో డల్లాస్‌లో శనివారం రాత్రి 9 గంటలైతే మనకు ఆదివారం ఉదయం 8:30. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు ముందుకు జరపగానే అదే రాత్రి 9 మనకు 7:30 అవుతుంది. ఆ మరుసటి వారం మా అమెరికా మిత్రులిద్దరూ గంటసేపు ఖాళీ గదిలో కూర్చున్నారు. సెషన్‌ను డిస్కార్డ్‌లో ఈవెంట్‌గా పెడితే ఎవరి స్థానిక సమయం వారికి కనిపిస్తుంది. మార్చిలోనూ నవంబరులోనూ మాత్రం ముందు రోజు మరోసారి సరిచూసుకోండి.