పికప్ ట్రక్ ఏసీ వేడిగాలి కొడుతుంటే గ్యాస్ నింపిస్తే సరిపోతుందా?

సరిపోదు, గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, ముందు దాన్ని పట్టుకోవాలి. పైపు జాయింట్ల దగ్గర నూనె జిడ్డు కనిపిస్తే చాలాసార్లు లీక్ అక్కడే. ఏసీ గ్యాస్ డీజిల్‌లా ఖర్చయిపోయేది కాదు, అదే గ్యాస్ తిరుగుతూ క్యాబిన్‌లోని వేడిని బయటికి మోసుకెళ్తుంది. అది బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్, గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపైన కంప్రెసర్‌ను ఆన్ కానివ్వదు. బ్లోయర్ మాత్రం ఉత్త గాలి కొడుతూనే ఉంటుంది.

అసలు ప్రతిసారీ తప్పు గ్యాస్‌దే కాదు. ఉదాహరణకు, బండి పరుగెడుతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే గాలి వేడెక్కుతోందంటే ముందు కండెన్సర్ (గ్యాస్ మోసుకొచ్చిన వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్‌ని చూడాలి, కండెన్సర్ రెక్కల మధ్య పేరుకున్న మట్టినీ చూడాలి. మట్టిరోడ్ల మీద తిరిగే పికప్‌లకు ఇది మామూలే.

గ్యాస్ ఎంత ఎక్కువుంటే అంత చల్లదనం అనుకోవడం పొరపాటు. మోతాదు మించితే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ కూడా దెబ్బతినొచ్చు.