పదవి రాని అమ్మాయి నాయకురాలు కాదా?

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఒక గ్రంథాలయంలో చిన్నపిల్లలకు చదవడం నేర్పే స్వచ్ఛంద బృందంలో పనిచేస్తోంది. ఈ ఏడాది అధ్యక్ష పదవి మరొకరికి ఇచ్చారు. అమెరికా కళాశాలలు నాయకత్వ లక్షణాలు చూస్తాయని అందరూ అంటున్నారు. ఆ బృందం మాన్పించి సొంతంగా ఒక సేవా సంస్థ పెట్టించడం మంచిదా, నాయకత్వ శిక్షణ శిబిరంలో చేర్చి సర్టిఫికెట్ ఇప్పించడం మంచిదా?

జవాబు: అమ్మా, రెండింటినీ పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. అయితే దరఖాస్తుల కాలం దగ్గరపడినప్పుడల్లా నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. రెండేళ్ల ఆదివారాలు వృథా అయ్యాయేమో, మన పిల్ల వెనకబడిపోయిందేమో అన్న భయం వాటన్నింటి అడుగునా కనిపిస్తుంది. ముందు ఆ భయం గురించి మాట్లాడుకుందాం. మీ అమ్మాయి కాలం వృథా కాలేదు.

అమెరికాలో వెయ్యికి పైగా కళాశాలలు స్వీకరించే కామన్ అప్లికేషన్‌లో విద్యార్థి తన వ్యాపకాలను పది వరకు పేర్కొనవచ్చు. ఒక్కోదానికి హోదా రాయడానికి 50 అక్షరాల చోటు ఇస్తారు, చేసిన పనిని వివరించడానికి 150 అక్షరాల చోటు ఇస్తారు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు పనిచేశారో కూడా అడుగుతారు. 2016లో హార్వర్డ్ విద్యా విభాగం నుంచి వెలువడిన ఒక నివేదిక, సేవ కనీసం ఏడాదిపాటు నిలకడగా సాగాలని, పొడవాటి జాబితాలు ప్రవేశ అవకాశాలను పెంచుతాయన్న భ్రమను కళాశాలలే తొలగించాలని సూచించింది. ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడాన్ని, కుటుంబం కోసం సంపాదించడాన్ని కూడా అది సేవగానే లెక్కించమంది. రెండేళ్లుగా ఒకే పనిని వదలకుండా చేసిన పిల్ల గురించి మీరు దిగులు పడవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఇక సొంత సంస్థ. ఈ మధ్య బాగా ప్రచారంలోకి వచ్చిన ఈ దారి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పేరు, లోగో, వెబ్‌సైట్, వ్యవస్థాపకురాలు అన్న హోదా నెల తిరిగేలోపు సిద్ధమవుతాయి. లెక్కలు తండ్రి చూస్తాడు, ఫోన్లు తల్లి చేస్తుంది, ప్రవేశం దొరికిన తరువాత ఆ సంస్థను ఎవరూ పట్టించుకోరు. ఇలా మూతపడిన సంస్థలను నేను చాలా చూశాను. అలాంటప్పుడు నాకు ఆ విద్యార్థి భవిష్యత్తు కంటే, వచ్చే వారం అక్క వస్తుందని ఎదురుచూసే పిల్లల సంగతే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఎవరూ తీర్చని అవసరం ఒకటి మీ అమ్మాయి కంటపడి, దానికోసం ఏదైనా మొదలుపెడతానని తనే అంటే అడ్డు చెప్పకండి. మీరు మాత్రం ‘పెట్టించడం’ అని రాశారు. కటువుగా అనిపిస్తే మన్నించండి, ఆ మాటలో ఉన్నది మీ కోరికే తప్ప ఆమె కోరిక కాదు. మీ ఉత్తరంలో ఆమెకు అక్కడ ఏ పని ఇష్టమో, పదవి రాకపోవడం గురించి ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. ఆమెను అడిగారా?

పదవి లేకపోయినా నాయకత్వం ఉంటుందనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1859లో ఇటలీలో జరిగిన సోల్ఫెరినో యుద్ధంలో గాయపడినవారికి, ఏ పక్షం సైనికులన్న తేడా చూడకుండా, దగ్గరి పట్టణపు స్త్రీలను కూడగట్టి సేవ చేయించిన హెన్రీ డ్యూనాంట్ అక్కడికి వ్యాపారం పనిమీద వచ్చిన మనిషి. తరువాత 1863లో, రెడ్‌క్రాస్‌కు మూలమైన ఐదుగురు సభ్యుల సంఘానికి జనరల్ డుఫోర్ అధ్యక్షుడయ్యారు, డ్యూనాంట్ కార్యదర్శిగా ఉన్నారు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఇద్దరికి పంచినప్పుడు వారిలో ఒకరు ఆ కార్యదర్శే.

శిబిరం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. సెలవుల్లో ఖాళీ ఉండి, ఆమెకు ఇష్టమైతే వెళ్లనివ్వండి. సర్టిఫికెట్ కోసమైతే ఆ డబ్బు దాచుకోండి.

సేవచేసే విద్యార్థిలో నేను నాయకత్వం కోసం వెతికేటప్పుడు చిన్న చిన్న ప్రశ్నలే అడుగుతాను. తోటివారు రాని రోజున వాళ్ల పిల్లలను ఎవరు చూసుకున్నారు? చదవలేక సిగ్గుపడి మూల కూర్చున్న పిల్లవాడిని ఎవరు దగ్గరికి తీశారు? ఏదైనా పద్ధతి పనిచేయడం లేదని తెలిశాక దాన్ని మార్చమని ఎవరు అన్నారు? వీటికి జవాబుగా మీ అమ్మాయి పేరు వస్తే, ఆమె ఇప్పటికే నాయకత్వం వహిస్తున్నట్టు. రాకపోయినా కంగారు పడకండి, ఆమెకు ఇంకా ఏడాది సమయం ఉంది.

చదువు ముగించి వెళ్లేలోగా తన స్థానంలో నిలబడగలిగే ఒక జూనియర్‌ను తయారుచేయమని చెప్పండి. కొత్తగా వచ్చిన అధ్యక్షుడికో అధ్యక్షురాలికో మొదటి నెలల్లో ఆమె సాయం అవసరమవుతుంది. ఆ సాయం మనస్ఫూర్తిగా చేయాలంటే, ఇంట్లో ఆ పదవి గురించి మీరు పదేపదే ఎత్తకుండా ఉండాలి.