రెండో కీ ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: మాది హన్మకొండ. 22 నెలల కింద హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల డీలర్ దగ్గర 4 లక్షల 20 వేలు పెట్టి పెట్రోలు కారు కొన్నాను. ఒకటే కీ ఇచ్చి, రెండోది వారంలో పంపిస్తానన్నాడు. అడిగినప్పుడల్లా రేపు, ఎల్లుండి అంటున్నాడు. మేడారం జాతరకు పోతే ఉన్న ఒక్క రిమోట్ కీ జనంలో పడిపోయింది. పిల్లలతో రాత్రంతా నరకం చూశాం. ఇంట్లో ఇప్పటికీ గొడవే. షోరూంలో 16 వేలు అడుగుతున్నారు, చౌరస్తాలో తాళాలు చేసేతను 5 వేలకు చేస్తానంటున్నాడు. బ్యాగు ఎవరో కొట్టేశారని కంప్లయింట్ ఇస్తే ఇన్సూరెన్స్ వాళ్లే కట్టిస్తారని మా బావమరిది అంటున్నాడు. ఆర్సీ నా పేరు మీదే ఉంది, ఇన్సూరెన్స్ మాత్రం పాత యజమాని పేరు మీద నడుస్తోంది. డీలర్‌తో డబ్బు కట్టించవచ్చా?

జవాబు: కొంత కట్టించవచ్చు, మొత్తం కాదు. మేడారంలో పోయింది మీ చేతిలోని కీ. దానికి డీలర్ బాధ్యుడు కాడు. ఆయన బాకీ పడ్డది రెండోది. ఈ రెండింటినీ కలిపేసి 16 వేలూ నువ్వే కట్టాలని నోటీసు ఇస్తే, అవతలి లాయరు మొదటి పేరాలోనే మిమ్మల్ని పట్టుకుంటాడు. అయితే ఒక మాట గట్టిగా అనవచ్చు. ఒక కీ చేతిలో ఉంటే ఇంకోటి చేయించడం తేలిక. ఒక్కటీ లేకపోతే పని పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది, కారును షోరూం దాకా లాక్కుపోవాల్సి కూడా రావచ్చు. డీలర్ మాట నిలబెట్టుకుని ఉంటే ఈ అదనపు ఖర్చు పడేది కాదు. అందుకే షోరూంలో రెండు కొటేషన్లు రాయించుకోండి: ఒక కీ ఉంటే ఎంత, ఏదీ లేకుంటే ఎంత. రెండో కీ ఖరీదు, ఆ పైన ఈ తేడా. మీరు అడగాల్సింది ఇంతే.

ఇక కేసు నిలిచేదీ పడేదీ ఒక్క కాగితం మీద. కారు అప్పగించేటప్పుడు డెలివరీ నోట్ ఇచ్చి ఉంటారు. స్టెప్నీ, జాకీ, పేపర్లతో పాటు కీలు ఎన్నో కూడా అందులో రాయడం మామూలే. అక్కడ 2 అని ఉండి కింద మీ సంతకం ఉంటే, రెండూ ముట్టినట్టు మీరే ఒప్పుకున్నట్టు. 1 అని మాత్రమే ఉంటే, ఒక కీ బండిగానే అమ్మానని ఆయన అంటాడు. ఒకటి పెండింగ్ అని రాసి ఉంటే మీ అదృష్టం. మొదటి రెండు సందర్భాల్లో వాట్సాప్ చాటే దిక్కు. పంపిస్తానని ఆయన రాసిన మెసేజ్ ఒక్కటున్నా చాలు, కానీ స్క్రీన్‌షాట్ తీసుకుని ఫోను అమ్మేయకండి. చాట్‌ను సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. నోటి మాట తప్ప ఏమీ లేదంటే ఈ కేసు మర్చిపోండి.

గడువు సంగతి ఇంకా తొందరది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలో ఫిర్యాదు పడాలి. పంపిస్తానన్న వారం గడిచిన రోజు నుంచే లెక్క. ఆయన రేపు అన్న ప్రతిసారీ గడువు కొత్తగా మొదలు కాదు, మీరు నోటీసు ఇచ్చినా ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి, రసీదు దాచుకోండి. కారు హైదరాబాద్‌లో కొన్నా ఫిర్యాదు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. కొన్న ధర 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలనే నిబంధనా లేదు.

మీ బావమరిది సలహా మాత్రం వినకండి. పడిపోయినదాన్ని దొంగతనం అని రాసిస్తే పోలీసులకు అబద్ధం చెప్పినట్టు, దానితో క్లెయిమ్ వేస్తే మోసానికి ప్రయత్నించినట్టు. భారతీయ న్యాయ సంహితలో ఒకదానికి 217, రెండోదానికి 318 సెక్షన్లు ఉన్నాయి. పైగా పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ యాడ్-ఆన్ (అదనపు ప్రీమియంతో తీసుకునే కవరు) తీసుకుని ఉంటేనే కీ డబ్బు వస్తుంది. ఉన్నా ఆ పాలసీ మీది కాదు కదా! జాతరలో ఫలానా తేదీన పడిపోయిందని ఉన్నదున్నట్టు రాసి మీ స్టేషన్‌లో ఇవ్వండి, జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు అడగండి.

కీ కోసం ఇంత టెన్షన్ పడుతున్న మీరు 22 నెలలుగా పరాయి పాలసీ మీద బండి ఎలా నడిపారు? బండి చేతులు మారితే థర్డ్ పార్టీ బీమా (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) కొన్నవారికి దానంతటదే వస్తుంది. సొంత బండి నష్టం, దొంగతనం అలా రావు, దానికి కంపెనీ ఒప్పుకోవాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. రేపు కారు పోతే మీకు పైసా రాదు. కీ కంటే ముందు ఆర్సీ పట్టుకుని పోయి పాలసీని మీ పేరు మీదకు మార్పించండి.

చౌకగా కీ అంటారా, చౌరస్తాలో చేయించుకోవడం నేరమేమీ కాదు. మీది కీ తిప్పి స్టార్ట్ చేసే బండి అయితే, బటన్లు లేకుండా చిప్ మాత్రం ఉన్న కీ ఇంకా తక్కువకు వస్తుంది. రిమోట్ తర్వాత చూసుకోవచ్చు. అతనికి ఒక్క షరతు పెట్టండి: కొత్త కీ ఎక్కించేటప్పుడు పాత కీలన్నీ కారు మెమరీలోంచి తీసేయాలి. మేడారంలో పోయినదే కాదు, డీలర్ దగ్గరో పాత యజమాని ఇంట్లోనో ఉన్న రెండోది కూడా ఇన్నాళ్లూ మీ బండిని స్టార్ట్ చేయగలిగేదే. తీసేయలేనంటే 5 వేలైనా అక్కడ ఇవ్వకండి, షోరూంకే పోండి. తీసేశాక కూడా పాత కీతో డోరు తెరుచుకుంటుంది, ఇంజన్ మాత్రం స్టార్ట్ కాదు. బండిలో ఒరిజినల్ పేపర్లు పెట్టే అలవాటుంటే మానుకోండి.

బండి నంబరు, ఛాసిస్ నంబరు, పాత కీలు తీసేసిన విషయం రాసిన బిల్లు తీసుకోండి. కమిషన్ మీకు ఖర్చయినంతే చూస్తుంది. చౌరస్తాలో 5 వేలకు చేయించుకుని షోరూం కొటేషన్‌తో 16 వేలు అడిగితే కుదరదు.