లక్ష్మివారం బిళ్ల

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు కీళ్లవాతమని తేల్చారనీ, వారానికోసారి వేసుకునే బిళ్ల మొదలుపెట్టారనీ చెప్పి ఏడ్చింది. కాసేపటికి గొంతు సర్దుకుని, "దానికి ఎవరూ తోడు అక్కర్లేదట అక్కా. ఫైలు తనే పెట్టుకుంటుందట, అడగాల్సినవన్నీ రాసుకుని వెళ్తుందట, మందుల సంగతంతా తనే చూసుకుంటుందట" అంది. నాకు గర్వంగా అనిపించిందే తల్లీ. మనింట్లో ఆడవాళ్లెవరూ డాక్టరు ముందు నోరు విప్పి ఎరగరు. కానీ ఆ బిళ్ల పేరు మీ అమ్మ కూడబలుక్కుని "మెథోట్రెక్సేట్" అని చదివేసరికి నా చేతులు చల్లబడిపోయాయి. రాత్రంతా కన్ను మూతపడలేదు. ఫోనులో అయితే చెప్పాల్సింది చెప్పలేనని కూర్చుని రాస్తున్నాను.

ముందు తేలికవి చెప్పేస్తాను. బిళ్ల పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజు, ఎందుకు అనేవి ఓ చిన్న పుస్తకంలో నీ చేత్తో రాసుకో. రక్త పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించమంటే అన్నాళ్లకీ చేయించు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానకు, లివరుకీ రక్తకణాలకీ ఈ మందు చేసే చెరుపు పైకి కనబడకముందే పరీక్షలో కనబడుతుంది. డాక్టరు రాత అర్థం కాకపోతే ఆ కుర్చీలోంచి లేవకుండానే అడుగు. మందులు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన పెట్టింది, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. ఎప్పుడైనా ఆసుపత్రిలో ఉండాల్సివస్తే కేసు కాగితాలు అడిగి తెచ్చుకో. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది కూడా రూలే.

ఇక అసలు సంగతి.

నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా మీ అమ్మమ్మ పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది, గుర్తుందా? విషజ్వరమని మీ అందరికీ చెప్పాం. మీ అమ్మకీ ఇప్పటిదాకా అంతే తెలుసు. అది జ్వరం కాదే. నేను పెట్టిన బిళ్లలు.

మీ అమ్మమ్మకీ నీకు వచ్చిన జబ్బే. పొద్దున్న లేచేసరికి వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకునేవి కావు. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఆ వేడికి కాస్త సడలేదాకా అలాగే కూర్చునేది, తాగేది కాదు. డాక్టరు మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములది వారానికి ఒక్కటి, లక్ష్మివారం నాడు వెయ్యమన్నాడు. మిగతా ఆరు రోజులూ ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ బిళ్ల. అమ్మ వాటికి తనే పేర్లు పెట్టుకుంది, లక్ష్మివారం బిళ్ల, రోజూ బిళ్ల అని. మూడు నెలలు తిరిగేసరికి తన జడ తనే వేసుకుంది. ఆవకాయ జాడీ మూత తనే తీసి నాకు చూపించింది.

నిల్వ అయిపోయిందని ఓ గురువారం సాయంత్రం బడి నుంచి వస్తూ పాత చీటీతో మందుల కొట్టుకి వెళ్లాను. ఆ కుర్రాడు అట్టలు కత్తెరతో కత్తిరించి, ఎన్ని కావాలో అన్నే చిన్న కాగితం కవర్లలో వేసి, ఒకదాని మీద 1-0-0 అనీ ఇంకోదాని మీద వారం అనీ పెన్నుతో గీకిచ్చాడు. కత్తిరించిన చోట ఒక ముక్క మీద మందు పేరులో మూడు అక్షరాలే మిగిలాయి. రెండూ చిన్నవే, రెండూ పసుపువే, అట్టల మీద కంపెనీవాళ్లు పెట్టిన పేర్లు మొదలయ్యేదీ ఒకేలాగ. కవర్లు ఆ కుర్రాడు మార్చి వేశాడో, ఇంటికొచ్చి డబ్బాలో సర్దేటప్పుడు నేను మార్చానో ఈనాటికీ తెలియదు. ఎవరు మార్చినా, చదివి చూడాల్సినదాన్ని నేను. చూడలేదు.

రెండో రోజు పొద్దున్న అమ్మ బిళ్ల అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. "ఇదేవిటే, రోజూ బిళ్లలా లేదు. లక్ష్మివారం బిళ్లలా ఉంది" అంది.

నాకు బడికి టైమైపోతోంది. "కంపెనీ మారుంటుందిలే అమ్మా. చదువుకున్నదాన్ని, నేను చూడకుండా ఇస్తానా? మింగు" అని గదిమాను.

ఆవిడ నాలుగో తరగతి చదివింది. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను. మారు మాట్లాడకుండా మింగేసింది. ఆ తర్వాత తొమ్మిదో రోజు దాకా ఒక్కసారి కూడా మళ్లీ అడగలేదు. అదే నన్ను తినేస్తుంది చిన్నీ. బిళ్ల మారడం కన్నా అది ఎక్కువ. చెప్పాల్సింది ఆవిడ సరిగ్గానే చెప్పింది. నేనే నోరు మూయించాను.

వారం తిరిగేసరికి నోరంతా పూసింది. వేడి చేసిందనుకుని మజ్జిగ పోశాను, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను. ఆ మజ్జిగతోనే మళ్లీ బిళ్లా వేశాను. తొమ్మిదో రోజుకి మంచినీళ్లు కూడా దిగలేదు, జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో ఓ హౌస్ సర్జన్ అమ్మాయి, నీ ఈడే ఉంటుంది, అమ్మ నోట్లో టార్చి వేసి చూసి, "ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో సహా పట్టుకురండి" అంది. తెచ్చాక రెండు కవర్లూ బల్ల మీద తెల్లకాగితం పరిచి దాని మీద కుమ్మరించింది. రెండు పసుపు బిళ్లలు పక్కపక్కనే పెట్టి, "రోజూ ఏది వేస్తున్నారు?" అని అడిగింది. నేను వేలితో చూపించాను. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు, లేచి పరుగెత్తింది. 4,000కి తగ్గకూడని తెల్లకణాలు 1,200కి పడిపోయాయి. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు. తర్వాత ఆరేళ్లు ఉంది. కానీ ఆ మందు మళ్లీ మొదలుపెట్టే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. చేతులు మళ్లీ ముడుచుకుపోయాయి. జడ నేనే వేసేదాన్ని.

ఇంత రాశానని ఆ మందు మీద భయం పెట్టుకునేవు. అది మంచి మందు. దాన్ని తయారుచేసింది అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపించిన బృందమే. ఫోలిక్ యాసిడ్‌ని అక్కడ తయారుచేసిందీ వాళ్లే. ఫోలిక్ యాసిడ్‌ని కాస్త మార్చితే మెథోట్రెక్సేట్. దాన్ని చూసి ఒళ్లు ఫోలిక్ యాసిడ్ అనుకుని మోసపోతుంది, అందుకే పనిచేస్తుంది. సరైన మోతాదులో వారానికోసారి వేసుకుంటూ ఎందరో ఏళ్ల తరబడి సుఖంగా ఉన్నారు. నువ్వూ ఉంటావు.

అందుకని ఇవి మాత్రం విను. అట్ట కత్తిరించనివ్వకు, నిండు అట్టే ఇమ్మను, పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న అంచు చివరిదాకా ఉండాలి. కొట్టు వదలకముందే చీటీతో అక్షరం అక్షరం సరిచూసుకో, వెనకాల జనం విసుక్కుంటే విసుక్కోనీ. ఆ బిళ్ల మిగతా మందుల్లో కలపకు, వేరే డబ్బా, వేరే అర. ఒక వారం మరిచిపోతే రెండు కలిపి వేసుకోకు, డాక్టరుకి ఫోన్ చేసి అడుగు. నోరు పూసినా, జ్వరం వచ్చినా, ఆయాసమనిపించినా అది వేడి కాదు, ఆ రోజే వెళ్లు. పంటి డాక్టరు దగ్గరికెళ్లినా, మూత్రంలో మంటని ఎవరి దగ్గరికెళ్లినా ముందు ఈ మందు పేరు చెప్పు. కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా యాంటీబయాటిక్ దీనితో కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. నొప్పి బిళ్లలు కూడా అడక్కుండా వేసుకోకు. మందు వల్ల ఏదైనా తేడా చేస్తే మనలాంటివాళ్లం కూడా 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పచ్చట, దేశమంతటికీ ఒకటే నంబరు. నాకప్పుడు తెలియదు.

ఇంకోటి, మీ అత్తగారి ముందు చదవకు. విశేషం ఎప్పుడని వాళ్లు అడుగుతున్నారని మీ అమ్మ అంది. ఈ మందు వాడుతుండగా కడుపు రాకూడదే, బిడ్డకి ప్రమాదం. పిల్లలు కావాలనుకున్నప్పుడు కొన్ని నెలల ముందే డాక్టరుకి చెప్పాలి, వాళ్లు వేరే మందుకి మారుస్తారు. అబ్బాయితో ఈ మాట నువ్వే కూర్చుని చెప్పు. ఎవరికోసమూ తొందరపడకు, ఎవరికీ చెప్పకుండా బిళ్ల ఆపేయనూ ఆపేయకు.

నీ ముగ్గులు గుర్తొస్తున్నాయి. సంక్రాంతికి ఇరవై ఒక్క చుక్క పెట్టి, ఒక్క గీత చెదరకుండా లాగేసేదానివి. ఆ వేళ్లు నొప్పెడుతున్నాయంటే నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. ఈ పండక్కి రా. వేళ్లు రాకపోతే చుక్కలు నువ్వు చెప్పు, గీతలు నేను లాగుతాను.

మీ అమ్మకి కూడా ఇవాళే ఉత్తరం రాస్తున్నాను. ఇన్నేళ్లు దాచినందుకు ఏమంటుందో, అననీ.

సున్నుండలతో పాటు ఓ చిన్న స్టీలు డబ్బా పంపుతున్నాను, నీ బిళ్ల ఒక్కటే పట్టేంతది. మూత మీద వారం పేరు కొట్టిద్దామని గిన్నెల కొట్టుకి తీసుకెళ్లి, లక్ష్మివారం అనబోయి ఆగాను. నీకు డాక్టరు చెప్పిన రోజేదో నాకు తెలియదు కదా. డబ్బా ఇంకా ఆ కొట్లోనే ఉంది. చీటీ చూసి, ఏ వారమో ఫోన్ చేసి చెప్పు. చదివి చెప్పు.

మీ పెద్దమ్మ